ఆకు గుట్టు విప్పిన మన సుబ్బారావు

మొన్న శనివారం మా అమ్మాయి కాలేజీ నుంచి వస్తూనే ఒక చీటీ నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో పిల్లలందరికీ రక్తపరీక్షలు చేశారట. హిమోగ్లోబిన్ 8.4 అని రాసుంది చీటీలో. ఆ వయసు ఆడపిల్లకు 12కు తగ్గకూడదు.

మా ఇంట్లో తిండికి లోటేం లేదు. గాదెలో వడ్లున్నాయి, కొట్టంలో పాడి ఉంది, పెరట్లో మునగచెట్టు ఉంది. అయినా పిల్ల ఒంట్లో రక్తం లేదు. ఎందుకిలా అయిందా అని తల పట్టుకుని కూర్చున్నానే గానీ, జవాబు నాకు తెలియనిదేం కాదు. పదిహేడేళ్ల కిందట నా చీటీలో ఇంతకన్నా తక్కువ అంకె ఉండేది. 6.8. అప్పుడు ఈ పిల్లే నా కడుపులో ఉంది. ఆస్పత్రిలో ఇచ్చిన ఎర్ర మాత్రలు వేసుకుంటే వికారంగా ఉంటోందని, ఊరగాయ జాడీల వెనక దాచేసి, వేసుకున్నానని అబద్ధం చెప్పేదాన్ని. ఎనిమిదో నెలలో ఓ పొద్దున పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాను. కాన్పుకు ముందు రెండు సీసాల రక్తం ఎక్కించాల్సొచ్చింది. పిల్ల రెండు కిలోలు కూడా లేకుండా పుట్టింది. తప్పు ఇంకెవరిదీ కాదు, అచ్చంగా నాదే. తర్వాత జాడీల వెనక నుంచి ఆ మాత్రలు తీసింది మా అత్తమ్మ. ఒక్క మాట అనలేదావిడ. ఆ అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది.

ఆ ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగాయనేనని, భీమవరంలో పుట్టినాయనని నాకు చాలాకాలం తెలీదు. చిత్రమేమిటంటే, బీఎస్సీలో ఆయన పేరు నేను బట్టీ పట్టాను. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పరీక్షకు చదివి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయాను. ఆ సుబ్బారావు ఎవరని ఒక్కసారైనా అడగలేదు. మా అమ్మాయి చీటీ చూశాక ఆయన కథ మళ్లీ గుర్తొచ్చింది. మీతో కూడా చెప్పాలనిపించింది.

భీమవరం కుర్రాడు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందే ఉద్యోగం మానుకోవాల్సొచ్చింది. ఇంటినిండా పిల్లలు, రాబడి అంతంత మాత్రం. అలాంటి ఇంట్లో తల్లి ఎలా నెట్టుకొచ్చి ఉంటుందో మనకొకరు చెప్పక్కర్లేదు.

సుబ్బారావు చిన్నప్పుడేమీ చదువుల పుట్ట కాదు. పదమూడేళ్లప్పుడు ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఆ పిల్లాడి ఆలోచన. ఎలాగో పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి ఊరుకోలేదు, మళ్లీ బడికి తోలింది. చదువు రాజమండ్రిలో సాగింది. మా భద్రాచలం దగ్గర రాముడి గుడి మెట్ల ముందు నుంచి పోయే గోదావరే కిందికి వెళ్లి రాజమండ్రి రేవులు తాకుతుంది. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది కూడా. అందుకే ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా మా నీళ్లు తాగినాయనే కదా అనుకుంటాను.

చదువు మధ్యలో తండ్రి పోయాడు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జబ్బు పడటం, పోవడం. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు సుబ్బారావు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కాడు. వెంకమ్మగారు ఒంటి మీది బంగారం అమ్మి మద్రాసు పంపిందని చెప్తారు. రెండుసార్లు పరీక్ష తప్పిన కొడుకు మీద అంత నమ్మకం పెట్టుకోవడం తల్లికి తప్ప ఎవరికి చేతనవుతుంది, చెప్పండి?

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదువుతున్నప్పుడు ఆయన మనసు సన్యాసం మీదికి మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి వైద్యం చదివి జనానికి సేవ చేయడం మేలని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సాయం చేశారు. ఆ మూర్తిగారి అమ్మాయి శేషగిరినే 1919లో పెళ్లి చేసుకున్నాడు.

గాంధీగారి పిలుపు విని విదేశీ బట్ట వదిలేసిన రోజులవి. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌనే వేసుకుని వెళ్లాడు. శస్త్రచికిత్స చెప్పే తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టి పంపారు. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్య ఉద్యోగమూ రాలేదు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

ఆ ఇంటి మీద పిడుగు పడింది కూడా ఆ రోజుల్లోనే. సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన పెద్దవాళ్లు గ్రహణి అనేవారే, ఆ కోవలోది. ఎడతెగని విరేచనాలు, నోరు పూసిపోవడం, ఒళ్లు పాలిపోవడం, మనిషి రోజురోజుకీ ఎండిపోవడం. తింటూనే ఉంటారు, తిన్నది ఒంటబట్టదు. పేగు లోపలి పొర దెబ్బతిని ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేదు. కంచం నిండా అన్నం పెట్టుకుని కూడా మనిషి ఆకలితో పోయినట్టే లెక్క. ఆ తల్లి ఎనిమిది రోజుల్లో ఇద్దరు కొడుకులకు అలా వండి పెడుతూనే పోగొట్టుకుంది.

ఆ జబ్బు తర్వాత సుబ్బారావునూ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందుతో బతికి బయటపడ్డారు. ఈ లక్ష్మీపతిగారి భార్యే, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, తర్వాత మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయిన రుక్మిణీ లక్ష్మీపతి. సుబ్బారావు మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు. పాఠం చెప్తున్నా మనసంతా ఒక్క ప్రశ్న మీదే. అన్నదమ్ముల్ని చంపిందేమిటి? తనను బతికించిందేమిటి? మందులో ఏదో ఉంది, తిండిలో ఏదో లేదు. ఆ ఏదో ఏమిటి?

అది తెలుసుకోవాలంటే సముద్రం దాటాలి. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు మరికొంత సమకూర్చారు. 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో దిగారు సుబ్బారావు. అప్పటికి శేషగిరి కడుపుతో ఉంది. ఆయన వెళ్లాక మగపిల్లాడు పుట్టాడు. ఏడాది నిండకుండానే ఒంటికి విషం ఎక్కి పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. తర్వాత భార్య ముఖమూ చూడలేదు. ఆయన మళ్లీ ఈ దేశానికి రానే లేదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను నేను. గొప్పవాళ్ల కథలు చెప్పేటప్పుడు ఈ ముక్కను గబగబా దాటేస్తాం. బయల్దేరేటప్పుడు ఇంతకాలం రానని ఆయనా అనుకుని ఉండరు. రావాలని ఆయనకూ ఉండే ఉంటుంది. పని ఒకటి ముగిసేలోపు ఇంకోటి పట్టుకుంది. అయినా ఆ మందు ఖరీదులో శేషగిరిగారి జీవితం కూడా ఉంది. మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

కంచంలోంచి కండలోకి

బోస్టన్‌లో తొలి రోజులు కష్టంగా గడిచాయి. పగలు హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల చదువు. కడుపు నిండటానికి రాత్రుళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. మద్రాసులో డాక్టరీ చదివిన మనిషి ఆ పనికి నామోషీ పడలేదు.

తర్వాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలిక పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. నేను బట్టీ పట్టింది అదే. ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లో ఏం జరుగుతోందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ అనే పదార్థాలను బయటపెట్టారు. జర్మనీలో కార్ల్ లోమన్ అనే ఆయన కూడా అదే సంవత్సరం ఏటీపీని విడిగా కనుక్కున్నారు.

ఏటీపీ అంటే ఏమిటో వంటింటి భాషలో చెప్తాను. మనం తిన్న అన్నం, జొన్నరొట్టె, పప్పు, నూనె అన్నీ పొయ్యిలోకి కట్టెల్లాంటివి. కట్టె ఒక్కసారిగా భగ్గున మండితే ఒళ్లు మాడిపోతుంది. అందుకని శరీరం ఆ శక్తిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఎక్కడ ఎంత కావాలో అక్కడ అంతే విప్పుకుంటుంది. ఆ పొట్లం పేరే ఏటీపీ. మీరు బిందె ఎత్తినా, ఈ అక్షరాల మీద కళ్లు తిప్పినా ఖర్చయ్యేది అదే. అన్నం తినగానే బలం వచ్చిందంటామే, కంచంలోంచి కండలోకి ఆ బలం నడిచే దారిని చూపించిన వాళ్లలో మన సుబ్బారావు ఒకరన్నమాట.

అయితే పొయ్యి వెలగడానికి కట్టెలొక్కటే చాలవు కదా. నిప్పు రాజేయాలి, ఊదాలి. శరీరంలో ఆ పని చేసేవి విటమిన్లు. గోరంతే కావాలి, ఆ గోరంత లేకపోతే కట్టెలెన్నున్నా పొయ్యి వెలగదు. హార్వర్డ్‌లో ఉన్న చివరి ఏళ్లలో సుబ్బారావు కాలేయంలోని బి విటమిన్ల వెంట పడ్డారు. అంత చేసినా ఆయనకు అక్కడ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి మారారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ పెద్దదిక్కు అయ్యారు. అన్నదమ్ముల్ని తినేసిన జబ్బుకు జవాబు వెతకడానికి అప్పటికి చోటు దొరికింది.

బొంబాయి తల్లులు, బండ్ల కొద్దీ పాలకూర

ఆ జవాబుకు తొలి ఆధారం మన దేశంలోనే, అదీ ఆడవాళ్ల దగ్గరే దొరికింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు రక్తం పలచబడి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. మామూలు రక్తహీనతలో ఎర్రకణాలు చిన్నవవుతాయి. వీళ్లలో అవి మామూలు కన్నా పెద్దవిగా ఉబ్బి ఉన్నాయి. ఆమె రకరకాల తిండి పెట్టి చూసింది. ఈస్టు సారంతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం పెడితే వాళ్లు తేరుకున్నారు. 1931లో ఆ సంగతి లోకానికి చెప్పింది. ఈస్టులోనూ కాలేయంలోనూ రక్తం పట్టించేది ఒకటుందని తేలింది గానీ, అదేమిటో ఎవరికీ తెలీదు.

1941లో అమెరికాలోని టెక్సస్‌లో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర తీసుకుని, వడకట్టి వడకట్టి చిటికెడు పదార్థం తీశారు. ఆకును లాటిన్‌లో ఫోలియం అంటారు కాబట్టి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకులోంచి చిటికెడంటే రోగులకు పంచేదెలా? దాన్ని కృత్రిమంగా తయారుచేయాలి. ఆ పని పెర్ల్ రివర్‌లో సుబ్బారావుగారి బృందం చేసింది. ముందు కాలేయంలోంచి శుద్ధంగా తీశారు, దాని నిర్మాణం విప్పారు, 1945లో ప్రయోగశాలలో తయారుచేసి చూపించారు. వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు అమెరికాలోనూ క్యూబాలోనూ రోగులకు ఇచ్చి చూశారు. ఉబ్బిన రక్తకణాల రక్తహీనత తగ్గింది. స్ప్రూ రోగులు కూడా కోలుకున్నారు.

అవును, అదే స్ప్రూ. అంతటితో అయిపోలేదు. ఆయన బృందంలోనే బెంజమిన్ డుగ్గర్ అనే ముసలి శాస్త్రవేత్త మట్టిలోంచి ఆరియోమైసిన్ అనే మందును పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది అదే. ఇప్పుడు డాక్టర్లు ఉష్ణదేశాల స్ప్రూకి ఏం మందులిస్తారో తెలుసా? ఫోలిక్ యాసిడ్, దాంతోపాటు టెట్రాసైక్లిన్. రెండూ ఆ ఇంట్లోంచే వచ్చాయి. ఎనిమిది రోజుల్లో పోయిన ఆ ఇద్దరి రుణం ఆయన రెండు చేతులా తీర్చుకున్నారనిపిస్తుంది నాకు.

బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాలదే, 1947 నాటిది. పిల్లల రక్తక్యాన్సర్‌కు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాడి చూసిన తొలి మందూ అక్కడిదే. అది తిరగేసిన ఆలోచన. కణం పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి గనక, దానిలాగే కనిపించి కణాన్ని మోసం చేసే పదార్థం ఇస్తే క్యాన్సర్ కణం పెరగలేదు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతూనే ఉన్నారు.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్లే. ఆయనకు నోబెల్ రాలేదు. మన దేశం 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. మొత్తం మీద ఆయన పేరు కన్నా ఆయన మందులే ఎక్కువ ఇళ్లకు చేరాయి.

మన వంటింటికి దీనితో పనేమిటి?

ఉంది, చాలా ఉంది. రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. ఆ పనిలో ఇనుము ఇటుకైతే, ఫోలిక్ యాసిడ్ తాపీమేస్త్రీ. ఇటుకలుండి మేస్త్రీ లేకపోయినా గోడ లేవదు, మేస్త్రీ ఉండి ఇటుకలు లేకపోయినా లేవదు. అందుకే ఆ ఎర్ర మాత్రలో రెండూ ఉంటాయి. ఇప్పుడు గర్భిణికిచ్చే మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. కడుపులో ఇంకో మనిషిని కడుతున్నాం కాబట్టి మేస్త్రీతో పని రెట్టింపు కన్నా ఎక్కువే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు స్త్రీకి రోజుకు 220 మైక్రోగ్రాముల ఫోలేటు కావాలి, గర్భిణికి 570 కావాలి.

ఇంకో సంగతి 1991లో బ్రిటన్ వాళ్ల పరిశోధనతో గట్టిపడింది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే బిడ్డకు వెన్నుపూస సరిగ్గా మూసుకోని లోపం చాలావరకు తప్పుతుంది. బిడ్డ వెన్ను మూసుకునేది మొదటి నెలలోనే. చాలామందికి నెల తప్పిందని తెలిసేసరికే ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి పెళ్లయిన అమ్మాయిలు డాక్టరును అడిగి ముందే మొదలుపెట్టడం మంచిది.

ఆ ఆదివారం నేను సంతకు వెళ్లాను. మా ఊరు అడవికి అంచు. ఇటు ఖమ్మం వైపు మిరప తోటలు, పత్తి చేలు. అటు భద్రాచలం వైపు నాలుగడుగులు వేస్తే టేకు, తునికి, ఇప్పచెట్లు. కోయ ఆడవాళ్లు గంపల్లో పొన్నగంటి, చెంచలి, గంగవాయిలి, పుంటికూర, మునగాకు తెచ్చి వరసగా కూర్చుంటారు. మనమేమో ఆకులూ అలములూ తిని బతికారని పేదవాళ్లను జాలిగా చెప్పుకుంటాం. శాస్త్రవేత్తలు బండ్ల కొద్దీ ఆకు పిండి తీసిన సారం ఆ గంపలో ఉందని తెలియక, రూపాయి తగ్గించమని బేరం ఆడతాం. అలాగని ఆకు తెచ్చే ఆ తల్లులంతా ఆరోగ్యంగా ఉన్నారనీ అనను. మలేరియా, కడుపులో నులిపురుగులు, వెట్టి చాకిరీ లాంటి బరువు పనులు, చాలీచాలని తిండి వాళ్ల రక్తాన్ని తాగుతున్నాయి. ఏజెన్సీలో కొందరికి పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. వాళ్లకు ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా ఇస్తారు, ఇనుము మాత్రం పరీక్ష చేశాకే ఇవ్వాలి. అందుకే ఎవరైనా సరే ముందు పరీక్ష, తర్వాత మాత్ర.

నేను నేర్చుకున్నవి నాలుగు చెప్తాను. ఆకుకూర కోశాక కడగొద్దు, కడిగాక కోయండి. ఫోలేటు నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికితే చచ్చిపోతుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే సారం తూములో పోసినట్టే, వాటిని పప్పులోనో చారులోనో కలిపేయండి. మూతపెట్టి కొద్దిసేపే ఉడకనివ్వండి. శనగలు, పెసలు, అలసందలు, వేరుశనగల్లో కూడా ఫోలేటు బాగా ఉంది. తినేవాళ్లకైతే కాలేయం, గుడ్డు సరేసరి. ఆకులోని ఇనుము ఒంటబట్టాలంటే నిమ్మరసమో జామకాయో ఉసిరో తోడుండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగి తాగండి. ఆకులో బి12 ఉండదు, దానికి పాలు, పెరుగు, గుడ్డు, చేప కావాలి. బి12 లోటు ఉన్నవాళ్లు ఉత్త ఫోలిక్ యాసిడ్ వాడుకుంటూ పోతే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది గానీ లోపల నరాలు దెబ్బతింటాయి. మాత్రతో వికారంగా ఉంటే నాలా జాడీల వెనక దాచకండి. రాత్రి పడుకునే ముందు వేసుకుని చూడండి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. విరేచనం నల్లగా అయితే కంగారు పడక్కర్లేదు, ఇనుము వల్ల అంతే.

ఆ రాత్రి పొన్నగంటి కూర వలుస్తూ ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. మొదట ముఖం ముడుచుకునే కూర్చుంది. అరటిపళ్లు అమ్మడానికి కాశీ పారిపోయిన దగ్గర నవ్వింది. బిడ్డను చూడలేదన్న దగ్గర తనూ వలవడం మొదలుపెట్టింది. జాడీల వెనక మాత్రల సంగతి కూడా దాచకుండా చెప్పేశాను. అంతా విని నా వైపు తిరిగి, మరి నీ రక్తం ఎంతుందమ్మా అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. పదిహేడేళ్లుగా నేను పరీక్ష చేయించుకోలేదు. ఇంట్లో అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలిన దాంతో కలుపుకుని తినడం నాకు అలవాటైపోయింది. ఆకుకూర అందరికీ వడ్డించి, అడుగున ఊట మిగిలితే అదే నాది. పిల్లకు ఉదయం తినకుండా పరిగెత్తొద్దని చెప్పే నేను, మధ్యాహ్నం రెండు దాకా టీ నీళ్లతో గడిపేస్తున్నాను. అది నన్ను చూసే నేర్చుకుంది, ఇంకెక్కడ నేర్చుకుంటుంది?

సోమవారం ఇద్దరం కలిసి వెళ్లాం. నా చీటీలో 9.6 వచ్చింది. డాక్టరమ్మ ఇద్దరికీ మాత్రలు రాసింది. ఇప్పుడవి జాడీల వెనక లేవు, అన్నం గిన్నె పక్కనే అందరికీ కనిపించేలా పెట్టాను. రాత్రి ఒకరికొకరం గుర్తు చేసుకుని వేసుకుంటున్నాం. ఇంకో మార్పు కూడా వచ్చింది. వడ్డించేటప్పుడు మా అమ్మాయి నా కంచం కూడా తన కంచం పక్కనే పెడుతోంది. మొదటి రోజు అలవాటు లేక, అందరూ తిననీ అన్నాను. మా అత్తమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆవిడ ఈసారి కూడా ఒక్క మాట అనలేదు.